టెస్టు ఎందుకు ఫెయిలైందో మెషీన్‌తోనే చెప్పించడం ఎలా?

ఉదయం తొమ్మిదిన్నర, హన్మకొండలో మా ఆఫీసు. మా సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసేందుకు రాత్రి వాటంతటవే నడిచిన 412 టెస్టుల్లో 63 ఎర్రగా ఉన్నాయి, అంటే ఫెయిలయ్యాయి. టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఒక్కో లాగ్, అంటే మెషీన్ రాసిపెట్టుకున్న చిట్టా, తెరుచుకుంటూ పోతే అన్నాల వేళకు లెక్క తేలింది. 51 టెస్టులు డేటాబేస్ లేవకపోవడం వల్ల పోయాయి. 11 టెస్టులు స్క్రీన్ మీద ఒక బటన్ పేరు మారినందుకు పోయాయి. మిగిలిన ఒక్కటే అసలు తప్పు: సరుకు అమ్మిన లెక్క రాసి రైతుకు ఇచ్చే కాగితం తక్‌పట్టీలో ఒక రూపాయి తక్కువ పడుతోంది. దాని వంతు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది.

మేం చేసేది వ్యవసాయ మార్కెట్లలో అడ్తిదారులు వాడే సాఫ్ట్‌వేర్. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల యార్డు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తేజ, వండర్ హాట్, చపాటా బస్తాలు రాత్రంతా దిగుతూనే ఉంటాయి. తెల్లారితే రేటు, తర్వాత కాంటా, తరుగు, హమాలీ, చివరికి తక్‌పట్టీ. ఆ కాగితం మీద ఒక రూపాయి తేడా వచ్చినా రైతు అడుగుతాడు, అడగాలి కూడా. అలాంటి తప్పు 62 ఉత్తుత్తి ఫెయిల్యూర్ల కింద సగం రోజు దాక్కుని ఉండటం నాకు చాలా బాధ కలిగించింది.

అప్పటి నుంచి చిన్న చిన్న స్క్రిప్టులతో ఒక పద్ధతి కట్టుకుంటూ వచ్చాం. నలుగురున్న టీమ్ కూడా చేసుకోగలిగినంత తేలికైనది. అనుభవం ఉన్న టెస్టర్ ఫెయిల్యూర్ చూడగానే మనసులో వరసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు కదా, వాటినే అదే వరసలో మెషీన్ వేస్తుంది. ప్రతి జవాబుకూ ఆధారం తెచ్చి ముందు పెడుతుంది. తీర్పు మాత్రం మనిషిదే.

1. ముందు గంపలు పెట్టుకోండి

కల్లంలో మిర్చి ఏరేటప్పుడు తాలు కాయ ఒక కుప్ప, ఎర్ర కాయ ఒక కుప్ప. ఏ కుప్పలు పెట్టాలో తెలియకుండా ఏరడానికి కూర్చోరు. ఇక్కడా అంతే. స్క్రిప్టు రాసే ముందు టీమంతా కూర్చుని కారణాల గంపలు నిర్ణయించుకోండి.

మాకు ఐదున్నాయి. ఒకటి, ప్రోడక్టులో నిజమైన తప్పు. రెండు, ప్రోడక్టు సరిగ్గానే మారింది కానీ టెస్టు పాతబడింది. మూడు, పరిసరాల సమస్య: మెషీన్, నెట్‌వర్క్, డిస్కు, డేటాబేస్. నాలుగు, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే నిలకడలేని టెస్టు. ఐదు, తెలియదు.

ఐదో గంపను తీసేయాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. "తెలియదు" అనే వీలు లేకపోతే ఏ పద్ధతైనా ఏదో ఒక గంపలో పడేస్తుంది, ఎక్కువగా నాలుగోదాంట్లో. నాలుగోది నిజానికి కారణమే కాదు, లక్షణం. జ్వరం లాంటిది. ఎందుకు నిలకడ లేదన్నది మళ్లీ వెతకాలి.

2. ఫెయిలైన నిమిషంలోనే ఆధారాలు పోగేయండి

తర్వాత ఎంత తెలివైన పద్ధతి పెట్టినా, ఫెయిలైనప్పుడు రాసిపెట్టుకోనిది మళ్లీ రాదు. టెస్టు కోసం తాత్కాలికంగా లేపిన కంటైనర్ చెరిగిపోతుంది, తాత్కాలిక ఫైళ్లు పోతాయి. మేం మొదటి రెండు నెలలు ఈ మెట్టునే నిర్లక్ష్యం చేసి, మిగతావన్నీ రెండుసార్లు రాసుకోవాల్సి వచ్చింది.

దాదాపు ప్రతి టెస్టు పనిముట్టూ జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు పద్ధతిలో ఫలితాలు ఇస్తుంది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌కైతే ఒక్క ఆప్షన్ చేరిస్తే చాలు. ఆ ఫైల్లో ఫెయిల్యూర్, ఎర్రర్ అని రెండు వేర్వేరు మాటలుంటాయి, వాటిని కలిపేయకండి. ఫెయిల్యూర్ అంటే టెస్టు ఒకటి ఆశించింది, ఇంకొకటి వచ్చింది. ఎర్రర్ అంటే టెస్టు పోల్చేదాకా వెళ్లకుండానే ఎక్కడో ఆగిపోయింది. మా 51 టెస్టులూ ఎర్రర్లే. ఆ ఒక్క తేడా చూసి ఉంటే ఆ పొద్దున సగం పని తగ్గేది.

ఎక్స్‌ఎంఎల్‌లో రానివి మీరే రాయించండి: కమిట్ (కోడ్‌లో దాచిన ఒక్కో మార్పు) నంబరు, మెషీన్ పేరు, మొదలైన సమయం, టైమ్ జోన్, టెస్టులు నడిచిన వరస, ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య), లైబ్రరీల వెర్షన్లు, మిగిలిన డిస్కు, మెమరీ, ప్రాసెస్ ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య). స్క్రీన్ టెస్టులైతే ఒక స్క్రీన్‌షాట్. పాసైన టెస్టుల వివరాలు కూడా దాచండి. పోల్చడానికి మంచి రోజు కనిపిస్తేనే చెడ్డ రోజు అర్థమవుతుంది. ఇదంతా పెట్టుకోవడానికి పెద్ద సర్వర్ అక్కర్లేదు, ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ చాలు. మేం 90 రోజుల చరిత్ర ఉంచుతాం.

3. మెసేజీలు కడిగి గుంపులు కట్టండి

63 ఫెయిల్యూర్లంటే 63 కారణాలు కాదు. అది మనిషికి చూడగానే తెలుస్తుంది, మెషీన్‌కు తెలియదు. ఎందుకంటే ఒకే ఎర్రర్ మెసేజీలో ప్రతిసారీ సమయం వేరు, పోర్టు నంబరు వేరు, ఫోల్డరు దారి వేరు.

అందుకే ముందు మెసేజీని కడగాలి. తేదీ, సమయం ఉన్నచోట "సమయం" అనీ, మెమరీ అడ్రసు ఉన్నచోట "అడ్రసు" అనీ, పొడవైన ఐడీల చోట "ఐడీ" అనీ పెట్టేయండి. తర్వాత స్టాక్ ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచి ఎక్కడ ఆగిందో చెప్పే జాబితా) లైబ్రరీల వరసలు, అంటే లైన్లు, వదిలేసి, మీ సొంత కోడ్‌కు చెందిన పై మూడు వరసలు మాత్రం తీసుకోండి. లైన్ నంబర్లు వద్దు, ఫంక్షన్ పేర్లు చాలు. పైన ఎవరో ఒక కామెంట్ చేర్చినా లైన్ నంబరు మారిపోతుంది. ఎర్రర్ రకం, కడిగిన మెసేజీ, ఈ మూడు ఫంక్షన్లు కలిపి ఒక సిగ్నేచర్. ఒకే సిగ్నేచర్ ఉన్నవన్నీ ఒక గుంపు.

మేం చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో అంకెలన్నిటినీ "సంఖ్య" అని మార్చేశాం. గుంపులు చక్కగా తగ్గాయి, సంతోషపడ్డాం. కానీ "1,843 రావాలి, 1,842 వచ్చింది" అనేదీ, "12 రావాలి, 0 వచ్చింది" అనేదీ ఒకే గుంపులో పడ్డాయి. మొదటిది రౌండింగ్ తప్పు, రెండోది డేటా అసలే రాకపోవడం. రెండింటికీ చుట్టరికమే లేదు. ఇప్పుడు మేం పోలిక జరిగిన వరసలో అంకెలను ముట్టుకోం, మిగతా లాగ్‌లోనే కడుగుతాం.

లాగ్‌లు మరీ పెద్దవైతే చేత్తో నియమాలు రాయడం తెగదు. వచ్చే వరసల్ని చూసి వాటి మూసల్ని తనే కనిపెట్టే డ్రెయిన్ అనే పద్ధతి 2017లో వచ్చింది. దాన్ని వాడే లైబ్రరీలు ఉచితంగా దొరుకుతాయి. దాంతో నిన్నటి పాసైన రన్‌లో లేని మూసలు ఈరోజు లాగ్‌లో ఏవున్నాయో పట్టుకోండి. వేల వరసల లాగ్‌లో కొత్త వరసలు చాలాసార్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉంటాయి.

4. పాత దొంగలను ముందు అడగండి

ఇది చిన్న మెట్టు, త్వరగా ముగించవచ్చు, ఫలితం మాత్రం ఎక్కువ. ఇప్పటికే తెలిసిన కారణాలకు ఒక పట్టిక రాసుకోండి. లైనక్స్‌లో ఎగ్జిట్ కోడ్ 137 వస్తే ప్రాసెస్‌ను ఎవరో బలవంతంగా చంపేశారు: 128కి కిల్ సిగ్నల్ నంబరు 9 కలిపితే 137. చాలాసార్లు మెమరీ చాలక కెర్నెలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) చంపి ఉంటుంది. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్: తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం కూలింది. టైమవుట్ కమాండ్ కింద నడిపితే 124 అంటే గడువు దాటింది. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్", "కనెక్షన్ రిఫ్యూజ్డ్" లాంటి మాటలు నేరుగా మూడో గంపకు.

దీంతో పాటు రెండు ప్రశ్నలు: ఫెయిలైనవన్నీ ఒకే మెషీన్ మీద పడ్డాయా? అన్నీ ఒకే ఐదు నిమిషాల్లో పడ్డాయా? అవునంటే కోడ్‌ను అనుమానించే ముందు ఆ మెషీన్‌ను చూడండి.

పట్టికలో ప్రతి నియమానికీ ఒక గడువు తేదీ పెట్టండి. గడువు లేని నియమం పాతబడి, కొత్త తప్పును కూడా "ఇది మామూలే" అని కప్పేస్తుంది.

5. మళ్లీ నడపండి, కానీ ప్రశ్నతో నడపండి

మన దగ్గర అందరికీ అలవాటైన మాట ఒకటుంది: "మళ్లొకసారి కొట్టు అన్నా, పాసైతది." పాసవుతుంది కూడా. ఆకుపచ్చ రంగు రాగానే అందరూ ముందుకెళ్లిపోతారు. పోయిన ఫెయిల్యూర్‌తో పాటు ఆధారమూ పోతుంది. మళ్లీ నడపడం తప్పు కాదు, ఏం తెలుసుకోవడానికి నడుపుతున్నామో తెలియకుండా నడపడమే తప్పు.

మా స్క్రిప్టు మూడు విధాలుగా నడుపుతుంది. అదే మెషీన్ మీద, ఆ టెస్టు ఒక్కటే. అదే మెషీన్ మీద, అదే వరసలో మొత్తం. వేరే మెషీన్ మీద, ఒక్కటే. ఒంటరిగా ప్రతిసారీ ఫెయిలైతే కోడో టెస్టో నిజంగా చెడింది. ఒంటరిగా పాసై, వరసలో ఫెయిలైతే ముందు నడిచిన ఏదో టెస్టు డేటాను పాడుచేసి పోతోంది. ముందున్న టెస్టులను సగం సగం చేసి నడుపుకుంటూ పోతే ఆ పాడుచేసేది దొరుకుతుంది. ఒక మెషీన్ మీద పాసై ఇంకోదాని మీద ఫెయిలైతే రెండో మెట్టులో రాసుకున్న వెర్షన్లు, టైమ్ జోన్ పోల్చండి.

ఎన్నిసార్లు నడపాలి? పదిసార్లలో ఒకసారి ఫెయిలయ్యే టెస్టును పదిసార్లు నడిపితే, పదీ పాసయ్యే అవకాశం దాదాపు 35 శాతం. అంటే వరసగా పది పాస్‌లు చూసి "సరైపోయింది" అనడం తొందరపాటు. అలాంటి టెస్టు కనీసం ఒక్కసారైనా ఫెయిలవుతుందని 95 శాతం నమ్మకం కావాలంటే 29 సార్లు నడపాలి. రాత్రిపూట మెషీన్లు ఖాళీగానే ఉంటాయి, అప్పుడు నడిపించండి.

నిలకడలేనితనానికి కారణాలు మరీ ఎక్కువేం లేవు. 2014లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో నిలకడలేని టెస్టులను సరిచేసిన 201 కమిట్లను పరిశోధకులు చదివారు. కారణం తేల్చగలిగిన వాటిలో దాదాపు 45 శాతం ఎసింక్ పనులకు (పక్కన వాటంతటవే నడిచే పనులు) సరిగ్గా వేచి ఉండకపోవడం, 20 శాతం ఒకేసారి నడిచే థ్రెడ్ల మధ్య పోటీ, 12 శాతం టెస్టుల వరస మీద ఆధారపడటం. కాబట్టి నిలకడలేని టెస్టు దొరికితే మొదట దానిలో ఫలానా సెకన్లు ఆగు అనే స్లీప్ ఉందేమో చూడమని స్క్రిప్టుకు చెప్పండి. ఉంటే ఆ వరసను రిపోర్టులో చూపించమనండి.

మాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది గడియారం. తక్‌పట్టీ మీద ఈరోజు తేదీ పడుతుందా అని చూసే టెస్టు అది. వారంలో రెండు మూడు రోజులు ఫెయిలయ్యేది. పొద్దున పదింటికి ఎవరు నడిపినా పాసయ్యేది. అందరం దాన్ని నాలుగో గంపలో వేసి నెలన్నర మరిచిపోయాం. ఒకరోజు చరిత్రలోంచి ఆ టెస్టు ఫెయిలైన సమయాలన్నీ తీసి వరసగా పేర్చి చూశాం. 12:10, 12:40, 1:15, 3:05, 5:20. అన్నీ అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఐదున్నరకూ మధ్యే. ఐదున్నర అనే అంకె కనిపించగానే విషయం తెలిసిపోయింది. మన సమయం ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు. మెషీన్ గడియారం యూటీసీలో ఉంది. ప్రోడక్టు మన తేదీ వేస్తోంది, టెస్టు మెషీన్ తేదీ అడుగుతోంది. ఇక్కడ అర్ధరాత్రి దాటాక ఐదున్నర వరకు అక్కడ ఇంకా నిన్నే. రాత్రి రన్ 11 గంటలకు మొదలవుతుంది. క్యూ ఖాళీగా ఉంటే ఈ టెస్టు పన్నెండులోపే అయిపోయేది, రద్దీగా ఉంటే దాటిపోయేది. అంతే.

ఆ రోజు నుంచి మా స్క్రిప్టులో ఒక తనిఖీ శాశ్వతంగా ఉంది: నిలకడలేని ప్రతి టెస్టుకూ ఫెయిలైన గంటలు, వారం, నెల చివరి రోజులు పేర్చి చూసి, అవన్నీ ఒకచోట గుమిగూడితే చెప్పాలి. ఇరవై వరసల కోడ్ కూడా ఉండదు.

ఇంకొక సులువైన ప్రశ్న: ఫెయిలైన టెస్టు, ఈసారి మారిన కోడ్‌ను అసలు తాకిందా? 2018లో వచ్చిన డీఫ్లేకర్ అనే పనిముట్టు వెనక ఆలోచన ఇదే. నిన్న పాసైన టెస్టు ఈరోజు మారిన వరసల్లో దేన్నీ నడపకుండానే ఫెయిలైతే, అది నిలకడలేనిది కావడానికే ఎక్కువ అవకాశం. కాన్ఫిగరేషన్ ఫైలో లైబ్రరీ వెర్షనో మారితే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, ఆ రెండూ మారని రోజునే దీన్ని నమ్మండి.

6. ఏ కమిట్‌తో మొదలైందో పట్టుకోండి

సికింద్రాబాద్‌లో రైలు దిగాక జేబులో పర్సు లేదని తెలిసింది. కాజీపేటలో ఎక్కేటప్పుడు ఉంది. ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ అని స్టేషను తర్వాత స్టేషను గుర్తు చేసుకోనక్కర్లేదు. ఆలేరులో టీ కొన్నప్పుడు ఉందా? ఉందంటే ఆలేరు దాటాకే పోయింది. సగం దారి తీసేసినట్టే. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోని బైసెక్ట్ కమాండ్ చేసేది ఇదే. పాసైన కమిట్ ఒకటి, ఫెయిలైన కమిట్ ఒకటి చెబితే, మధ్యలోది తీసి నడిపి, సగం సగం తగ్గించుకుంటూ పోతుంది. 64 కమిట్లకు ఆరు అడుగులు, వెయ్యికి పది.

దీనిని గిట్ బైసెక్ట్ రన్‌తో మనిషి లేకుండా నడపవచ్చు. మీ స్క్రిప్టు 0 ఇస్తే మంచి కమిట్, 1 ఇస్తే చెడ్డది, 125 ఇస్తే "ఈ కమిట్‌ను తేల్చలేను, వదిలెయ్" అని. ఈ 125ను చాలామంది మరిచిపోతారు. కోడ్ అసలు బిల్డ్ కాని (నడిచే ప్రోగ్రాంగా తయారవని) కమిట్‌కు 1 ఇచ్చేస్తే వెతుకులాట తప్పుదారి పట్టి, ఏ పాపం తెలియని కమిట్ దగ్గర ఆగుతుంది. అలాగే టెస్టు ఫెయిలైతే చాలదు, మూడో మెట్టులో కట్టిన అదే సిగ్నేచర్‌తో ఫెయిలవ్వాలి. వేరే సిగ్నేచర్ వస్తే 125.

నిలకడలేని టెస్టుకు బైసెక్ట్ పెట్టకండి. ఒక్క అడుగులో పొరపాటున పాసైతే మిగతా అడుగులన్నీ వృథా. అందుకే ఇది ఐదో మెట్టు తర్వాత వస్తుంది. ఎలాగైనా పెట్టాల్సి వస్తే, ప్రతి కమిట్ దగ్గర కావలసినన్ని సార్లు నడిపి, ఒక్కసారి ఫెయిలైనా చెడ్డదిగా లెక్కించండి.

మా రూపాయి తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో పట్టింది బైసెక్టే. 1,842 రూపాయల 50 పైసలు రౌండ్ చేస్తే 1,843 రావాలి, 1,842 వచ్చింది. దొరికిన కమిట్‌లో, అంతకుముందు ఉన్న డెసిమల్ లెక్క తీసేసి పైథాన్‌లో మామూలుగా ఉండే రౌండ్ ఫంక్షన్ పెట్టారు. పైథాన్ 3లో ఆ ఫంక్షన్ సరిగ్గా సగం వస్తే దగ్గరి సరి సంఖ్యకు పోతుంది. 1,842.50 కిందికి వస్తుంది, 1,843.50 పైకి పోతుంది. మా టెస్టుల్లో చాలావాటిలో యాభై పైసలే రాలేదు కాబట్టి అవన్నీ హాయిగా పాసయ్యాయి.

7. డేటాను చెక్కండి

కొన్ని ఫెయిల్యూర్లకు కోడ్ మారదు, డేటా మారుతుంది. 1,200 మంది రైతుల ఫైలు ఎక్కించే టెస్టు ఒకరోజు "ఊరు దొరకలేదు" అని ఆగిపోయింది. ఏ వరసో చెప్పలేదు.

ఇక్కడ జర్మనీకి చెందిన ఆండ్రియాస్ జెల్లర్ పద్ధతి పనికొస్తుంది. "నిన్న నా ప్రోగ్రాం పనిచేసింది, ఈరోజు చేయడం లేదు, ఎందుకు?" అనే ప్రశ్నకు ఆయన 1999లో డెల్టా డీబగ్గింగ్ అనే జవాబిచ్చారు. ఫైలును రెండు ముక్కలు చేయండి. ఏ ముక్కతో అదే ఫెయిల్యూర్ వస్తే దాన్ని ఉంచుకుని మిగతాది పారేయండి. ఏ ముక్కతోనూ రాకపోతే నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని తీసేసి చూడండి. తీసేసినా ఫెయిల్యూర్ నిలిస్తే ఆ ముక్క అనవసరం. ఇంకేదీ తీయలేనంత వరకు ఇలాగే చెక్కుతూ పోవాలి. ఇక్కడా అదే సిగ్నేచర్ నియమం వర్తిస్తుంది.

మాకు 1,200 వరసలు ఒక్క వరసకు దిగాయి. ఆ వరసలోనూ మిగిలింది ఒక్క ఊరి పేరు: మైలారం. మా ఊళ్ల పట్టికలోనూ మైలారమే. కళ్లు పెద్దవి చేసి చూసినా అక్షరం తేడా లేదు. పొడవు కొలిస్తే పట్టికలోది 6, ఫైల్లోది 7. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఐ లెంగ్త్ మార్క్ విడిగా చేర్చి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, మెషీన్‌కు మాత్రం వేర్వేరు మాటలు. రెండు వైపులా ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి జంట గుర్తులను కలిపేసే యూనికోడ్ రూపం) మార్చి పోల్చాక సరిపోయింది. తెలుగు డేటాతో పనిచేసే ప్రతి టీమూ ఈ తనిఖీని నాలుగో మెట్టు పట్టికలో చేర్చుకోవాలి: పోలిక విఫలమైన రెండు మాటలు ఎన్ఎఫ్‌సీ చేస్తే సమానమవుతాయా? అవుతాయంటే కారణం అక్కడే రాసేయొచ్చు.

8. అనుమానం ఉన్న వరసలకు మార్కులు వేయండి

కమిట్ పెద్దదైతే, లేదా తప్పు ఎప్పటి నుంచో ఉంటే, ఏ వరస దగ్గర వెతకాలో కావాలి. ఏ టెస్టు ఏ వరసలను నడిపిందో చెప్పే కవరేజీ డేటా ఉంటే ఇది సాధ్యమే. ఫెయిలైన టెస్టులు ఎక్కువగా, పాసైన టెస్టులు తక్కువగా నడిచిన వరస మీద అనుమానం ఎక్కువ. దీనికి బాగా పనిచేసే సూత్రం ఒచియాయ్. జపాన్‌కు చెందిన ఒచియాయ్ 1957లో చేపల జాతులు ఎక్కడెక్కడ కలిసి దొరుకుతాయో పోల్చడానికి వాడిన సూత్రమే తర్వాత సాఫ్ట్‌వేర్ తప్పులు వెతకడానికి వచ్చింది.

లెక్క ఇలా. ఒక వరసను నడిపిన ఫెయిల్ టెస్టుల సంఖ్యను పైన పెట్టండి. మొత్తం ఫెయిల్ టెస్టులను, ఆ వరసను నడిపిన అన్ని టెస్టులతో గుణించి, వర్గమూలం తీసి దాంతో భాగించండి. మొత్తం మూడు ఫెయిలయ్యాయనుకోండి. ఒక వరసను ఆ మూడూ, పాసైనది ఒకటీ నడిపాయి: 3ను 12 వర్గమూలంతో భాగిస్తే 0.87. ఇంకో వరసను ఆ మూడూ, పాసైనవి 24 నడిపాయి: 3ను 81 వర్గమూలంతో, అంటే 9తో భాగిస్తే 0.33. ముందు మొదటి వరస చూడాలి.

దీన్ని గుడ్డిగా నమ్మకండి. మా రౌండింగ్ వరసకు వచ్చిన మార్కులు 0.3 దగ్గరే. తప్పు అక్కడే ఉంది, కానీ యాభై పైసలు రాని టెస్టులన్నీ ఆ వరస మీదుగానే వెళ్లి పాసయ్యాయి కదా, మార్కులు పడిపోయాయి. టెస్టుల్లో యాభై పైసల్లాంటి అంచు విలువలు ఎంత బాగా ఉంటే ఈ మెట్టు అంత బాగా పనిచేస్తుంది. మాకైతే ఇది బైసెక్ట్ అంత ఉపయోగపడలేదు.

9. ఏఐ మోడల్‌ను చివర్లో అడగండి, మొదట్లో కాదు

లాగ్ మొత్తం మోడల్‌కు ఇచ్చి "ఎందుకు ఫెయిలైంది?" అని అడిగితే ధీమాగా ఒక కథ చెబుతుంది. అది నిజమో కాదో చూసుకోవడానికి మళ్లీ మీరే లాగ్ చదవాలి. పై మెట్ల ఫలితాలు ఇచ్చి అడిగితే జవాబు చాలా మెరుగ్గా వస్తుంది: గుంపు సిగ్నేచర్, నిన్నటి రన్‌లో లేని కొత్త వరసలు, మూడు విధాలుగా నడిపిన ఫలితాలు, బైసెక్ట్ చూపిన కమిట్‌లోని మార్పు.

మూడు షరతులు పెట్టండి. ఐదు గంపల్లో ఒకటి ఎంచుకోవాలి, "తెలియదు" కూడా సరైన జవాబే. ప్రతి వాదానికీ లాగ్‌లోని వరసను యథాతథంగా చూపాలి. చూపిన వరస నిజంగా లాగ్‌లో ఉందో లేదో మీ స్క్రిప్టు వెతికి చూడాలి, లేకపోతే ఆ జవాబును రిపోర్టులో పెట్టకూడదు.

బయటి మోడల్‌కు పంపేముందు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు లాగ్‌లోంచి తుడిచేయండి. టెస్టు డేటాయే కదా అనుకుంటాం కానీ, ఎవరో ఎప్పుడో అసలు డేటా కాపీ తెచ్చి టెస్టులో పెట్టే ఉంటారు.

10. రిపోర్టు ఎవరికి, ఎలా

గుంపుకు ఒక మెసేజీ, టెస్టుకు ఒకటి కాదు. అందులో ఇవి ఉండాలి: ఎన్ని టెస్టులు, ఏ గంప, ఎంత నమ్మకం, ఆధారంగా మూడు వరసలు, మళ్లీ అదే ఫెయిల్యూర్ తెప్పించే కమాండ్ ఒకటి. చివరిదే అన్నిటికన్నా విలువైనది. కాపీ చేసి నడిపితే కళ్లముందే ఫెయిలవ్వాలి. ప్రోడక్టు తప్పు అనే గంప ఎప్పుడూ పైన ఉండాలి, అందులో ఒక్కటే ఉన్నా సరే.

మనుషుల పేర్లు పెట్టకండి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట స్క్రిప్టు దొరికిన కమిట్ రాసినవాళ్ల పేరు తీసి అందరూ ఉన్న గ్రూపులో వేసేది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి పేరు వరసగా నాలుగు రోజులు వచ్చింది. ఐదో రోజు తేలింది, తప్పు ఆమెది కాదని: బిల్డ్ కాని కమిట్‌ను చెడ్డదిగా లెక్కించిన బైసెక్ట్‌ది. అప్పటికే ఆమె కమిట్ చేయాలంటేనే భయపడుతోంది. ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఆ ముఖం గుర్తుంది. కమిట్ నంబరు చాలు. రాసినవాళ్లు చూసుకుంటారు, అవసరమైతే పక్కన కూర్చుని "చెల్లె, ఇది ఒకసారి చూద్దామా" అని అడగవచ్చు.

ప్రతి రిపోర్టు కింద "అవును, ఇదే" "కాదు" అని రెండు బటన్లు పెట్టి, కాదంటే అసలు గంప ఏదో నొక్కించుకోండి. నెలకోసారి లెక్క చూడండి. అన్ని తప్పులూ ఒకే బరువు కావు. పరిసరాల సమస్యను ప్రోడక్టు తప్పు అని చెబితే ఒక గంట పోతుంది. ప్రోడక్టు తప్పును నిలకడలేని టెస్టు అని చెబితే ఆ తప్పు యార్డుకు వెళ్తుంది. ఈ రెండో రకాన్ని విడిగా లెక్కించండి. నిలకడలేని టెస్టులు పెరిగే కొద్దీ మనుషులు ఎరుపు చూసి నమ్మడం మానేస్తారు. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం వాటిలో నిలకడలేని టెస్టు ఉందని గూగుల్ ఇంజినీర్లు 2016లో చెప్పారు. మిగిలిన 16 శాతంలోనే మన రూపాయి ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

పదీ ఒకేసారి కట్టాలని చూడకండి. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే దోస్తులు అడిగినా, నిట్‌లో చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగినా నేను చెప్పేది ఒకటే. మొదటి వారం రెండో మెట్టు, రెండో వారం మూడోది. ఈ రెండింటితోనే మా 63 ఎర్ర వరసలు మూడు వరసలయ్యేవి. నాలుగోది రోజూ ఒక నియమం చొప్పున దానంతటదే పెరుగుతుంది. బైసెక్ట్ నెల తర్వాత. ఎనిమిది, తొమ్మిది మెట్లు అసలు అవసరమో కాదో అప్పుడు చూసుకోవచ్చు.

ఈ రాత్రి రన్ మొదలయ్యేలోపు కమిట్ నంబరు, మెషీన్ పేరు, టైమ్ జోన్, టెస్టుల వరస, ఈ నాలుగూ ఫలితాల పక్కనే ఒక ఫైల్లో పడేలా చేయండి. షెల్ స్క్రిప్టులో నాలుగు వరసలు. రేపు పొద్దున ఎర్రగా వచ్చిన మొదటి టెస్టు తెరిచే ముందు ఆ ఫైలు తెరవండి.